బల్ల మీది ఫోనుకు కరెంటు ఎక్కడిది?

(వార్షిక సభలో కేబులింగ్ పనివాళ్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము నలుగురం. ఇద్దరిది జగిత్యాల దిక్కు, ఒకరిది నిర్మల్, ఒకరిది కోనసీమలో రాజోలు. ఇక్కడ దుబాయ్‌లో ఈఎల్‌వీ పని చేస్తాం. అంటే ఫాల్స్ సీలింగ్ పైన కేబుళ్లు లాగడం, గోడలో పాయింట్లు కొట్టడం, ర్యాక్‌లో ప్యాచ్ ప్యానెల్ కట్టడం. మైకు పట్టుకునే అలవాటు మాకు లేదు. నలుగురం కూర్చొని రాసుకొచ్చాం, ఒకరం చదువుతున్నాం. తప్పులుంటే నలుగురివీ.

ముందు ఒక ప్రశ్న అడుగుతాం. ఊర్లో మన ఇంట్లోనో, పక్కింట్లోనో, ఎస్టీడీ బూత్‌లోనో ల్యాండ్ ఫోన్ ఉండేది గుర్తుందా? గల్ఫ్ నుంచి నాయన ఫోన్ చేస్తాడంటే ఇంటిల్లిపాదీ పోయి ఆ ఫోను చుట్టూ కూర్చునేవాళ్లం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. లైటు ఆరిపోయేది, ఫ్యాను ఆగిపోయేది. ఫోను మాత్రం మోగేది. దీపం పట్టుకొని మాట్లాడిన రోజులు మనలో చాలామందికి ఉన్నాయి. మరి ఆ ఫోనుకు కరెంటు ప్లగ్గు ఎవరైనా చూశారా? లేదు. గోడలోంచి వచ్చేవి రెండు సన్నని తీగలే. మాట వచ్చేదీ వాటిలోనే, కరెంటు వచ్చేదీ వాటిలోనే. ఎక్స్ఛేంజీలో ఒక గది నిండా బ్యాటరీలు ఉండేవి. అక్కడి నుంచి 48 వోల్టులు మన ఇంటి దాకా వచ్చేవి. ఊరంతా చీకటైనా ఫోను బతికి ఉండటానికి కారణం ఆ బ్యాటరీలే.

ఇప్పుడు ఇక్కడి ఆఫీసుల్లోకి వద్దాం. బల్ల మీద ఉండే ఫోను అచ్చంగా ఒక చిన్న కంప్యూటర్. దానికి తెర ఉంది, దాని లోపల సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఆఫీసు నెట్‌వర్కులో మాట్లాడుతుంది. దానికి టెలిఫోన్ తీగ రాదు, మనం లాగే నెట్‌వర్క్ కేబులే వస్తుంది. మొదట్లో అలాంటి ప్రతి ఫోనుకూ పక్కన ఒక అడాప్టర్ పెట్టేవాళ్లు. 40 బల్లలుంటే 40 అడాప్టర్లు, 40 సాకెట్లు. రాత్రి క్లీనింగ్‌కు వచ్చిన మన అక్కో అన్నో వాక్యూమ్ పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు పీకితే, పొద్దున మేనేజరు ఫోను చచ్చి ఉండేది. తిట్లు ఎవరికి పడేవో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అందుకే పాత ఎక్స్ఛేంజీ పద్ధతే మళ్లీ తెచ్చారు. నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటు కూడా పంపడం. సిస్కో కంపెనీ 2000 ప్రాంతంలోనే తన ఫోన్లకు తన సొంత పద్ధతిలో ఇలా ఇవ్వడం మొదలుపెట్టింది. అన్ని కంపెనీల సామానుకూ సరిపడే ప్రమాణం 2003లో వచ్చింది. దాని పేరు 802.3ఏఎఫ్. సైట్‌లో మనం పీఓఈ అంటాం, పవర్ ఓవర్ ఈథర్‌నెట్. స్విచ్ పోర్టు దగ్గర గరిష్ఠంగా 15.4 వాట్లు ఇస్తారు. 100 మీటర్ల అవతల ఫోను దగ్గరికి 12.95 వాట్లు చేరితే చాలని లెక్క. మిగతా 2.45 వాట్లు దారిలో తీగ వేడెక్కి పోయేవి. 2009లో వచ్చిన 802.3ఏటీలో పోర్టు దగ్గర 30 వాట్లు. 2018లో వచ్చిన 802.3బీటీలో 90 దాకా పోయింది. ఆ పెద్ద లెక్కలు కెమెరాలకు, వైఫై డబ్బాలకు, ఇంకా పెద్ద సామానుకు. మామూలు బల్ల ఫోను నాలుగైదు వాట్లతో బతుకుతుంది.

ఒకే తీగలో డేటా, కరెంటు రెండూ పోతే కలిసిపోవా అని మా నిర్మల్ తమ్ముడు మొదటి రోజే అడిగాడు. మంచి ప్రశ్న. కేబుల్లో ఉండేవి నాలుగు జతలు. ఒక జతలో రెండు తీగల మధ్య ఉండే తేడానే డేటా. కరెంటు ఇచ్చేటప్పుడు ఆ జతలో రెండు తీగలనూ సమానంగా పైకి లేపుతారు. గోదావరికి నీరొచ్చి పడవ పైకి లేచినా, పడవలో నిలబడ్డ ఇద్దరి ఎత్తులో తేడా మారదు కదా. అంతే. ఒక జత లేచి ఉంటుంది, ఇంకో జత కింద ఉంటుంది, ఆ రెండు జతల మధ్య 48 వోల్టులు. కొన్ని స్విచ్చులు నారింజ, ఆకుపచ్చ జతల మీద ఇస్తాయి, కొన్ని నీలం, గోధుమ జతల మీద. అందుకే చెబుతున్నాం, ఒక కేబుల్‌ను రెండుగా చీల్చి రెండు పాయింట్లు చేసే పాత తెలివి ఇక్కడ పనికిరాదు. కేబుల్ మిగిలిందని ఫోర్‌మన్ మెచ్చుకుంటాడు, ఫోను వెలగక మన మెడకు చుట్టుకుంటుంది.

షాక్ కొడుతుందా? ఇదీ అందరూ అడిగేదే. స్విచ్ ఊరికే కరెంటు వదలదు. ముందు 10 వోల్టుల దాకా మాత్రమే పంపి తడిమి చూస్తుంది. అవతల సుమారు 25 వేల ఓమ్‌ల నిరోధం కనబడితే, ఇది నా కరెంటు తినే సామానే అని గుర్తుపడుతుంది. ల్యాప్‌టాప్ పెడితే ఆ గుర్తు ఉండదు, కాబట్టి కరెంటు ఇవ్వదు, డేటా మాత్రం ఇస్తుంది. ఫోను పీకేస్తే అర సెకను లోపే ఆపేస్తుంది. చౌక ఇంజెక్టర్లు కొన్ని ఉంటాయి, అవి అడగవు, చూడవు, 24 వోల్టులు అలా తోసేస్తూనే ఉంటాయి. అలాంటిది ర్యాక్‌లో కనబడితే దాని కేబుల్ తీసి ఇంకోదాంట్లో పెట్టకండి. పెట్టింది కాలిపోతే మన పేరే వస్తుంది.

నిజంగా ప్రాణం తీసేవి వేరే ఉన్నాయి. స్విచ్ వెనక గోడ సాకెట్లో ఉండే 230 వోల్టులు ఒకటి. నిచ్చెన ఒకటి. మా పనిలో దెబ్బ తగిలిన వాళ్లలో కరెంటు కొట్టినవాళ్ల కంటే నిచ్చెన జారినవాళ్లనే మేము ఎక్కువ చూశాం. ఇక వేడి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు పని ఆపాలనే నియమం ఈ దేశంలో ఉంది. అది ఆరుబయట ఎండలో పనికి. ఏసీ ఇంకా ఎక్కించని అంతస్తులో సీలింగ్ పైకి తల దూర్చినవాడికి ఆ నియమం గుర్తు చేసేవాళ్లు ఎవరూ ఉండరు. నీళ్ల సీసా నిచ్చెన మీదే కట్టుకోండి.

ఇప్పుడు మా కథ చెబుతాం. దీని కోసమే మమ్మల్ని పిలిచారని మాకు తెలుసు.

ఒక ఆఫీసు టవర్‌లో ఒక అంతస్తు మాకు ఇచ్చారు. 40 బల్లలు, 40 ఫోన్లు. ర్యాక్‌లో 48 పోర్టుల స్విచ్. కేబుల్ మేమే లాగాం, రెండు చివర్లూ మేమే టెర్మినేట్ చేశాం, లేబుళ్లు అంటించాం. మర్నాడు హ్యాండోవర్ అనగా సాయంత్రం ఫోన్లు పెట్టారు. 24 వెలిగాయి. 16 నల్లగా ఉండిపోయాయి.

ఫోర్‌మన్ వచ్చి హిందీలో మొదలుపెట్టాడు. టెర్మినేషన్ చేతకాదు, మిమ్మల్ని పంపినవాణ్ణి అనాలి, అలా సాగింది. మాలో ఒకరం ల్యాప్‌టాప్ పెట్టి చూశాం. నల్లగా ఉన్న పాయింట్లలో కూడా నెట్ వస్తోంది. ఆ మాట చెప్పబోయాం. ఎవరు వింటారు? నెట్ వచ్చినంత మాత్రాన వైరు మంచిదైపోదు, 16 పాయింట్లూ మళ్లీ కొట్టండి అన్నాడు. అదీ పూర్తిగా అబద్ధం కాదు, అందుకే మాకు ఎదురు చెప్పే ధైర్యం రాలేదు. 16 పాయింట్లకు 32 చివర్లు, ఒక్కో చివరకు 8 తీగలు. రాత్రి 2 దాటింది. క్యాంపు బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. అన్నీ మళ్లీ కొట్టి, అన్నీ పెట్టి చూస్తే, అవే 24 వెలిగాయి. అవే 16 నల్లగా ఉన్నాయి. ఫోన్ల అట్టపెట్టెలు పరచుకొని అక్కడే పడుకున్నాం. ఎవరికీ నిద్ర పట్టలేదు. కొత్తగా వచ్చిన తమ్ముడు, ఇంకా అప్పు కూడా తీరనివాడు, నన్ను తిప్పి పంపిస్తారా అన్నా అని అడిగాడు. అబ్బే, అలా ఏం కాదు అన్నాం. మాకూ తెలియదు.

పొద్దున ఇంకో సైట్ నుంచి మేము మెట్‌పల్లి అన్న అని పిలిచే పెద్దాయన వచ్చాడు. వేరే పని మీద వచ్చాడు. మా ముఖాలు చూసి ఆగాడు. వైరు ముట్టుకోలేదు, టెస్టర్ అడగలేదు. ర్యాక్ ముందు నిలబడి స్విచ్ మీద దీపాలు లెక్కపెట్టాడు. తర్వాత అన్నాడు:

"తమ్మీ, వైర్లు ఖరాబైతే ఈడొకటి ఆడొకటి అయితయి. లైను వెట్టి 25 నుంచే ఎట్లయితయిరా?"

నిజమే. 1 నుంచి 24 పోర్టులు వెలుగుతున్నాయి. 25 నుంచి 40 దాకా ఏదీ లేదు. రాత్రంతా మేము బల్లల దగ్గర పాయింట్లు చూశాం, ర్యాక్‌లో వరుస చూడలేదు. అన్న 3వ పోర్టులో ఉన్న ప్యాచ్ కార్డ్ పీకాడు. ఒక్క నిమిషం ఆగాం. 25వ ఫోను దానంతట అదే వెలిగింది. మళ్లీ పెట్టాడు, ఈసారి వేరేది ఆరిపోయింది. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సంగతి ఇది. ప్రతి స్విచ్‌కూ మొత్తం ఇంత కరెంటే ఇవ్వగలను అనే ఒక లెక్క ఉంటుంది. ఆ స్విచ్‌కు అది 370 వాట్లు. పెట్టె మీద 48 పోర్టులని పెద్ద అక్షరాల్లో ఉంది, 370 అనేది కాగితంలో ఎక్కడో ఉంది. బంతి భోజనాల లెక్క అనుకోండి. వంటవాడు విస్తళ్లు వేసేటప్పుడు ఒక్కొక్కరినీ ఎంత తింటావని అడుగుతాడు. ఫోను కూడా కరెంటు తీసుకునే ముందు తన తరగతి చెబుతుంది. 1వ తరగతి అంటే 4 వాట్లు, 2 అంటే 7 వాట్లు, 3 అంటే 15.4. ఏమీ చెప్పకపోతే 0వ తరగతి, దానికీ 15.4 పక్కన పెడతారు. మా ఫోన్లు నిజంగా తినేది ఐదు వాట్ల లోపే, కానీ అడిగింది 15.4. స్విచ్ అడిగినంతా పక్కన పెట్టేసింది. 24 సార్లు 15.4 అంటే 369.6. 25వ వాడికి విస్తరి లేదు. గిన్నెలో అన్నం మాత్రం మిగిలే ఉంది.

నెట్‌వర్క్ ఇంజనీరు వచ్చి సెట్టింగు మార్చాడు. ఫోను నిజంగా ఎంత వాడుతుందో అంతే లెక్కలోకి వచ్చేలా చేశాడు. పది నిమిషాల్లో 40 ఫోన్లూ వెలిగాయి. మాకు ఒక్క మాట ఎవరూ అనలేదు. తప్పు మీది కాదు అని కూడా అనలేదు. రాత్రి చేసిన గంటలు టైమ్‌షీట్‌లో ఎక్కలేదు. మేము ఊడబెరికి మళ్లీ కొట్టిన 16 పాయింట్లలో రెండు మాత్రం నిజంగానే పాడయ్యాయి. మొదటిసారి బాగానే ఉన్నవి నిద్రమత్తులో మా చేతుల్లో పాడయ్యాయి. వాటిని ఆ మధ్యాహ్నం సరిచేశాం.

ఆ రోజు నుంచి మేము ఒక నోట్‌బుక్ పెట్టాం. ఫోను వెలగకపోతే పంచింగ్ టూల్ చేతిలోకి తీసుకోము. ముందు ఆ ఫోనునే వెలిగే బల్ల దగ్గరికి తీసుకెళ్లి పెడతాం. అక్కడ వెలిగితే ఫోను మంచిది. తర్వాత ర్యాక్‌లో ఆ పాయింట్ కార్డును వెలిగే పోర్టులోకి మారుస్తాం. వెలిగితే మన వైరు మంచిది, గొడవ స్విచ్‌లో ఉంది. ఈ రెండూ చేయడానికి ఐదు నిమిషాలు పట్టదు. చేసింది టైముతో సహా రాసి, ఫోటో తీసి, సైట్ గ్రూపులో పెడతాం. కోపంతో అరిచేవాడితో మన హిందీలో వాదించి గెలవలేం. ఫోటోతో వాదించడం వాడికీ కష్టమే. టెస్టర్ రిపోర్ట్ ఉంటే ఇంకా మంచిది. పాయింట్ నంబరు, పాస్ అనే మాట, తేదీ, అన్నీ అందులో ఉంటాయి. ఒక కాపీ మన దగ్గర ఉంచుకోవాలి.

ఇక కేబుల్ గురించి. సైట్‌కు వచ్చే డబ్బాలన్నీ ఒకటి కావు. కొన్ని ఎత్తితే తేలిగ్గా ఉంటాయి. తీగను బ్లేడుతో గీరితే లోపల వెండి రంగు కనబడుతుంది. అది అల్యూమినియం, పైన రాగి పూత. సీసీఏ అంటారు. ప్రమాణాలు అడిగేది ఘనమైన రాగి తీగ. అల్యూమినియం తీగకు నిరోధం ఎక్కువ, దారిలో కరెంటు ఎక్కువ పోతుంది, పంచింగ్ దగ్గర విరుగుతుంది, కొన్నాళ్లకు అతుకు దగ్గర తుప్పులాంటి పొర కడుతుంది. మోసం ఎక్కడుందంటే, తక్కువ దూరంలో ఒక ఫోను పెడితే అది హాయిగా పనిచేస్తుంది. హ్యాండోవర్ అయిపోతుంది, కాంట్రాక్టరుకు డబ్బులొస్తాయి. ఏడాది తర్వాత ఎవరో అదే పాయింట్‌లో 25 వాట్ల కెమెరా పెడతారు, అప్పుడు బయటపడుతుంది. అప్పటికి గుర్తుండేది పాయింట్ కొట్టినవాడే. డబ్బా కొన్నవాడు ఎవరికీ గుర్తుండడు. కాబట్టి డబ్బా విప్పగానే గీరి చూడండి. తెల్లగా కనబడితే సూపర్‌వైజరుకు చూపించి, డబ్బా మీద రాతతో సహా ఫోటో పెట్టండి. పని ఆపమని మేము చెప్పడం లేదు, ఆపే స్థితిలో మనం లేమని మాకూ తెలుసు. చూపించినట్టు రుజువు ఉంచుకోమంటున్నాం.

దూరం కూడా అంతే. గోడలో, సీలింగ్‌లో పోయేది 90 మీటర్లు, అటూ ఇటూ ప్యాచ్ కార్డులకు 10 మీటర్లు. అంతకు మించి లాగమంటే అడగండి. మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు మాత్రం ఎవరు చెప్పినా వేయకండి.

చివరగా ఇంకో సంఘటన. ఇది మాలో ఒకరి బావకు జరిగింది. ఆయన ఒక గోడౌన్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. గార్డు రూములో బల్ల మీద ఇలాంటి ఫోనే. ఆగస్టు నెల, అర్ధరాత్రి, గోడౌన్‌లో బ్రేకర్ పడిపోయింది. అదే సమయానికి లోడ్ దింపడానికి వచ్చిన డ్రైవరు ఛాతీ పట్టుకొని కూలబడ్డాడు. బావ ఫోను ఎత్తితే చడీచప్పుడూ లేదు. తెర నల్లగా ఉంది. ఆయన మనూరి ఫోను లాగే కరెంటు పోయినా పనిచేస్తుందనుకున్నాడు. నొక్కుతూ, పీకి పెడుతూ కాసేపు పోయింది. తర్వాత సొంత మొబైల్ నుంచి 998కి చేశాడు. అంబులెన్స్ వచ్చింది, డ్రైవరు బతికాడు. ఆ కాసేపు మాత్రం బావకు ఇప్పటికీ కలలోకి వస్తుందట.

అక్కడ కేబుల్ బాగుంది, ఫోను బాగుంది, స్విచ్ బాగుంది. ర్యాక్‌లో యూపీఎస్ కూడా ఉంది. కానీ దానికి సర్వర్ ఒక్కటే తగిలించారు. ఫోన్లకు కరెంటిచ్చే స్విచ్‌ను పక్కన మామూలు సాకెట్లో పెట్టారు. పాత ఎక్స్ఛేంజీలో బ్యాటరీ గది చేసిన పనే ఇప్పుడు ర్యాక్‌లో ఆ యూపీఎస్ చేయాలి. ఆ స్విచ్ ప్లగ్గు యూపీఎస్‌లో లేకపోతే అంతస్తులో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి పోతాయి. పాత అడాప్టర్ల రోజుల్లో ఒక ప్లగ్గు పీకితే ఒక ఫోనే పోయేది.

మేము ఇప్పుడు ర్యాక్ అప్పజెప్పే ముందు ప్లగ్గు ఎక్కడ పెట్టారో వేలు పెట్టి వెతుకుతాం. అది మా పని కాదని ఒక ఇంజనీరు ఒకసారి అన్నాడు. సరే సార్ అని, ఫోటో తీసి నోట్‌బుక్‌లో రాసుకున్నాం. వారం తర్వాత ఆయనే వచ్చి మార్చాడు. గార్డు పనిలో ఉన్న అన్నలకు కూడా ఒక మాట. మీ రూములో ఫోను కరెంటు పోతే పనిచేస్తుందో లేదో పగలే అడిగి తెలుసుకోండి. 998 అంబులెన్స్, 999 పోలీసు, 997 అగ్నిమాపకం. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఫోను పక్కన అంటించండి.

హెల్పర్లుగా ఉన్న తమ్ముళ్లకు ఒక సంగతి. వెనక బల్ల మీద ఒక చిన్న స్విచ్, రెండు ఫోన్లు, ఒక మంచి కేబుల్ ముక్క, ఒక సీసీఏ ముక్క పెట్టాం. బ్లేడు కూడా ఉంది, వేళ్లు జాగ్రత్త. భోజనాలయ్యాక 3 గంటల నుంచి చూపిస్తాం. ఎవరైనా సొంతంగా ఒక పాయింట్ కొట్టి ఫోను వెలిగించుకోవచ్చు. పంచింగ్ టూల్ ఒక్కటే తెచ్చాం, కాబట్టి వరుసలో రండి. మెట్‌పల్లి అన్న కూడా వచ్చాడు, ఆ మూల కూర్చున్నాడు. మైకు ఇస్తానంటే వద్దన్నాడు, కానీ పక్కన కూర్చొని అడిగితే అన్నీ చెబుతాడు.